నాలుగో వారంలోనే మూడుసార్లు ఆగిపోయాను, ఈ వయసులో పరుగు నాకు సాధ్యమేనా?

ప్రశ్న: సుబేదారి టీచర్, హనుమకొండ

అందరికీ నమస్కారం. నా వయసు 44 సంవత్సరాలు. హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. గత ఏడాది చివర్లో చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 6.1 అని వచ్చింది. ఇప్పుడే మందులు అక్కర్లేదని, బరువు కొంత తగ్గి వ్యాయామం పెంచుకుంటే చాలని డాక్టరు గారు చెప్పారు. రెండు నెలలు క్రమం తప్పకుండా నడిచాను. నడక అలవాటైన తరువాత, ఆటల పీరియడ్‌లో పిల్లలను మైదానం చుట్టూ పరుగెత్తించే నేను ఒక్క చుట్టయినా ఆగకుండా పరుగెత్తలేనా అన్న పట్టుదల కలిగింది.

ఫోన్‌లో 'కౌచ్ టు 5కె' అనే, కొత్తవారిని మెల్లగా ఐదు కిలోమీటర్ల పరుగుకు చేర్చే తొమ్మిది వారాల ప్రణాళికను పెట్టుకొని, సంక్రాంతి సెలవులు అయిపోగానే సుబేదారిలోని ఆర్ట్స్ కళాశాల మైదానంలో వారానికి మూడు రోజులు మొదలుపెట్టాను. మొదటి మూడు వారాలు సాఫీగా గడిచాయి. నాలుగో వారం మొదటి రోజున, రెండో ఐదు నిమిషాల పరుగు సగంలో ఉండగా ఊపిరి అందక ఆగిపోయాను. మరుసటి వారం అదే మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ ఆగిపోయాను. ఈ వారం మూడోసారి కూడా అంతే అయింది. పైగా రెండు కాళ్ళలోనూ మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచున సన్నటి నొప్పి మొదలైంది. పరుగు మొదలుపెట్టినప్పుడు బాధించి, కాసేపటికి తగ్గి, సాయంత్రం మెట్లు దిగేటప్పుడు మళ్ళీ తెలుస్తుంది.

నా చేతి గడియారం కిలోమీటరుకు తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు చూపిస్తుంది. అదే మైదానంలో పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకు సాధన చేసే అమ్మాయిలు ఒక్కో చుట్టులో రెండుసార్లు నన్ను దాటిపోతారు. మా కాలనీలో ఒకరు, నేను చేసేది పరుగు కాదని, కొంచెం ఊగుతూ నడవడమేనని అన్నారు. ఆ మాట మనసులో ఉండిపోయింది. మావారు వద్దనలేదు గానీ, మోకాళ్ళు అరిగిపోతాయేమోనని భయపడుతున్నారు. మధ్యలో నడిస్తే దానిని పరుగు అనవచ్చా, అదే వారాన్ని ఎన్నిసార్లు తిరిగి చేయవచ్చు, నాలాంటి వారికి ఇది అసలు తగినదేనా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: తార్నాక నిదానం, హైదరాబాద్

అమ్మా, నమస్కారం. నా వయసు 58. నేను పరుగు మొదలుపెట్టింది 51వ ఏట. మీరు లెక్కల టీచరు కనుక లెక్కతోనే మొదలుపెడతాను.

మీరు చేస్తున్న ప్రణాళికలో మొదటి వారం ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక చొప్పున ఇరవై నిమిషాలు ఉంటుంది. అందులో పరుగు మొత్తం ఎనిమిది నిమిషాలు. రెండో వారం ఒకటిన్నర నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. అక్కడ పరుగు తొమ్మిది నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. మూడో వారం ఒకటిన్నర నిమిషం, మూడు నిమిషాలు కలిపి రెండుసార్లు, అంటే అదే తొమ్మిది నిమిషాలు. ఇక నాలుగో వారం మూడు, ఐదు, మూడు, ఐదు, మొత్తం పదహారు నిమిషాలు. మూడు వారాల పాటు ఎనిమిది, తొమ్మిది దగ్గరే తిరిగిన పరుగు ఒక్క ఉదయంలో పదహారుకు చేరుతుంది. మీరు ఆగిపోయింది సరిగ్గా అక్కడే. నేను ఆగిపోయింది కూడా అక్కడే. నాకు తెలిసిన వారిలో ఈ ప్రణాళికను మధ్యలో విడిచిపెట్టినవారు ఎక్కువమంది ఈ మెట్టు దగ్గర గాని, ఐదో వారం మూడో రోజున వచ్చే ఇరవై నిమిషాల ఎడతెగని పరుగు దగ్గర గాని విడిచిపెట్టారు. వారంతా తమలోనే ఏదో లోపం ఉందనుకున్నారు. అది నాకు ఎంతో బాధ కలిగించే విషయం.

ఈ ప్రణాళికను 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు, తాను పరుగు నేర్చుకొని, తన తల్లిలాంటి కొత్తవారిని దృష్టిలో పెట్టుకొని తయారుచేశాడు. మంచి ప్రణాళికే. అయితే తొమ్మిది వారాలు అన్నది ఒక సౌకర్యం కోసం పెట్టుకున్న సంఖ్య, శరీరానికి విధించిన గడువు కాదు. మూడో వారానికీ నాలుగో వారానికీ మధ్య మీరే ఒక వంతెన కట్టుకోండి. ఒక వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఆరుసార్లు చేయండి. అది పన్నెండు నిమిషాలు. తరువాతి వారం మూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున నాలుగుసార్లు చేస్తే అదీ పన్నెండు నిమిషాలే, కానీ ఒక్కో విడత పెరుగుతుంది. ఆపై వారం అదే ఐదుసార్లు చేస్తే పదిహేను. అప్పుడు నాలుగో వారంలోకి అడుగుపెట్టినప్పుడు మీకు కొత్తగా వచ్చి చేరేది ఒక్క నిమిషమే. వీటిలో ఏ వారమైనా చివరి రోజుకు కూడా బరువుగా అనిపిస్తే, దానినే మళ్ళీ చేయండి. మొత్తం పదిహేను వారాలు పట్టినా, ఇరవై వారాలు పట్టినా, ఆ వారాలన్నీ మీ శరీరంలో నిలిచేవే.

ఇక వేగం గురించి. మీ గడియారం చూపే తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు నిదానమైన వేగమని మీరు దిగులు పడుతున్నారు. నా అనుమానం, ఊపిరి అందక ఆగిపోతున్నారంటే ఆ వేగం కూడా ఇప్పటికి మీకు ఎక్కువేనని. దీనికి గడియారం కంటే నమ్మకమైన కొలత మాట. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు, రెండేసి మాటలకు ఊపిరి తెగిపోతూ ఉంటే ఎక్కువ వేగంలో ఉన్నట్టు. నేను ఒంటరిగా పరుగెత్తుతాను కనుక పదమూడో ఎక్కం పైకి చదువుతాను. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు అని ఒక్కో వరుసనూ ఒకే ఊపిరిలో, తొందర లేకుండా చెప్పగలగాలి. పదమూడు ఆర్లు దగ్గర ఆగి, గాలి పీల్చుకొని డెబ్భై ఎనిమిది అనవలసి వచ్చిందంటే అక్కడికక్కడే అడుగు చిన్నది చేస్తాను. రెండో ఎక్కం పనికిరాదు, అది నోటికి అలవాటై ఊపిరితో పని లేకుండా దొర్లిపోతుంది. పదమూడుకు కొంచెం నిదానం కావాలి, ఆ నిదానమే పరుగుకు కూడా కావాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మొదట్లో మా ఆఫీసులోని కుర్రవాళ్ళతో కలిసి పరుగెత్తి, నెల తిరగకుండానే రెండుసార్లు మానేశాను. మూడోసారి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్ల కింద ఒక్కడినే మొదలుపెట్టాను. ఒక ఉదయం నేను పరుగెత్తుతూ ఉండగా, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకొని చురుకుగా నడుస్తున్న ఒక పెద్దావిడ నన్ను దాటి ముందుకు వెళ్ళారు. నా కాళ్ళు తమంతట తామే వేగం పెంచబోయాయి. నేను పెంచలేదు, ఎక్కం చదువుకుంటూ అదే అడుగు వేశాను. ఆవిడ మలుపు తిరిగి కనబడకుండా పోయారు. ఆ రోజు నేను జీవితంలో మొదటిసారి ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాను. ఆ ఉదయం చెట్ల కింద రాలిన ఆకుల వాసన నాకు ఇంకా గుర్తుంది.

మధ్యలో నడిస్తే పరుగు కాదా అని అడిగారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగులో అమెరికా తరఫున పాల్గొన్న జెఫ్ గాలోవే, 1974 నుంచి కొత్తవారికి పరుగు, నడక కలిపే నేర్పుతూ వచ్చారు. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోక ముందే లెక్క ప్రకారం నడవడం వేరన్నది ఆయన పద్ధతిలోని కీలకం. నేను ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో సగం దూరపు పరుగును రెండుసార్లు పూర్తిచేశాను. రెండుసార్లూ ఫ్లైఓవర్ ఎత్తు వచ్చిన చోటల్లా ముందే అనుకొని నడిచాను. మెడలో వేసిన పతకం మీద నడిచారని రాసి ఉండదు, పూర్తిచేశారని మాత్రమే ఉంటుంది.

గడియారాన్ని ఒక నెల ఇంట్లో పెట్టి రండి. అది చూపే గుండె వేగం మణికట్టు దగ్గర చర్మం గుండా కొలిచేది కనుక కదలికలో తప్పవచ్చు. గుండె గరిష్ఠ వేగాన్ని అంచనా వేయడానికి 220 నుంచి వయసు తీసివేసే సూత్రం కూడా మనిషికీ మనిషికీ పది పన్నెండు స్పందనలు అటూ ఇటూ కావడం మామూలే.

జవాబు: బీచ్ రోడ్ ఉదయం, విశాఖపట్నం

అక్కా, మీ ప్రశ్నలో ఊపిరి అందడం లేదన్న మాట చదవగానే రాయకుండా ఉండలేకపోయాను. పై జవాబులో చెప్పిన వేగం సంగతి నిజమే, కానీ దానితో పాటు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోండి. నాకు 39 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం నేనూ ఇదే విధంగా మూడు నిమిషాలకు మించి పరుగెత్తలేక, ఇది నా వల్ల కాదని నిర్ణయించుకున్నాను. ఎంత నిదానంగా వెళ్ళినా గుండె దడదడలాడేది, మెట్లెక్కినా ఆయాసం వచ్చేది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 ఉంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో సగానికి పైగా, ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని స్త్రీలకు 12 కంటే తక్కువ ఉంటే దానిని రక్తహీనతగానే లెక్కిస్తారు. ప్రాణవాయువును కండరాలకు మోసుకుపోయేదే తక్కువగా ఉంటే పట్టుదల ఎంత ఉన్నా కాళ్ళు కదలవు కదా. మన వయసులో నెలసరి ఎక్కువగా అయ్యేవారికి ఇది మరీ సహజం, మనమేమో పని ఒత్తిడి అనుకొని సరిపెట్టుకుంటాం.

డాక్టరు గారు ఇచ్చిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నాను. వాటిని టీతో గాని, టీ తాగిన వెంటనే గాని వేసుకోకూడదని, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుందని చెప్పారు. నాకు ఆ ఒక్క మార్పు వల్లనే, అదే వేగంలో, అదే బీచ్ రోడ్డు మీద, మూడు నిమిషాలు పన్నెండు నిమిషాలయ్యాయి. అంతవరకు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

ఇంకో మాట, ఇది మగవారు రాయరు కనుక నేను రాస్తున్నాను. నడకకు వేసుకునే లోదుస్తులు పరుగుకు చాలవు. గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా ఒకటి కొనుక్కోండి, బూట్ల కంటే ముందు దానికి ఖర్చు పెట్టండి. చెమటకు తడిసిన నూలు బట్ట ఒరుసుకొని చంకల కింద, తొడల మధ్య పుండ్లు పడతాయి. పలచటి స్పోర్ట్స్ బట్ట అయితే త్వరగా ఆరుతుంది. చుడీదార్ మీద పరుగెత్తడానికి ఇష్టపడితే చున్నీని నడుముకు అడ్డంగా బిగించి ముడివేసుకోండి. వెలుతురు రాకముందు ఒంటరిగా వెళ్ళవలసి వస్తే, కుక్కల గుంపు ఉండే వీధిని దాటే వరకు పరుగు వద్దు, నడవండి.

మీ కాలనీ వ్యక్తి అన్న మాటను నేనూ విన్నాను, వేరే నోటి నుంచి. ఇక్కడ ఆర్.కె. బీచ్ రోడ్డును తెల్లవారుజామున వాహనాలకు మూసివేస్తారు. ఆ వేళ రోడ్డంతా మనుషులే. కర్ర పట్టుకొని నడిచేవారు, పిల్లల బండి తోసుకుంటూ పరుగెత్తేవారు, నౌకాదళం కుర్రవాళ్ళు, ఇసుకలో సాధన చేసేవారు, అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు. ఇన్నేళ్ళలో వేగంగా పరుగెత్తే మనిషి నిదానంగా పరుగెత్తే మనిషిని చూసి తేలిక మాట అనడం నేను వినలేదు. ఆ మాటలు అన్నవారంతా బాల్కనీలోనో, కారులోనో ఉన్నవారే. మిమ్మల్ని దాటిపోయే ఆ అమ్మాయిలను ఒకసారి పలకరించి చూడండి, అక్కా.

జవాబు: పాదం మడమ, విజయవాడ

టీచర్ గారూ, నేను ఫిజియోథెరపిస్టును. పై ఇద్దరి మాటలూ విలువైనవే, కానీ వంతెన వారాల కంటే ముందు మీ కాలి నొప్పిని చూడాలి. తార్నాక గారు దానిని ప్రస్తావించకుండా వదిలేశారు, అక్కడ మాత్రం నేను వారితో ఏకీభవించలేను.

ఈ సాయంత్రం కుర్చీలో కూర్చొని, బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచును మోకాలి నుంచి చీలమండ వరకు నెమ్మదిగా నొక్కుకుంటూ రండి. అరచేతి వెడల్పు మేర పొడవునా సన్నగా నొప్పిగా ఉంటే, అది కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో తరచుగా కనిపించే ఒత్తిడి నొప్పి. అలా కాకుండా ఒకే ఒక్క చోట, వేలి కొన పట్టేంత మేరలో, నొక్కగానే ఉలిక్కిపడేంత నొప్పి ఉంటే, లేక ఆ కాలి మీద ఒక్కసారి గెంతలేకపోతే, లేక రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతూ ఉంటే, పరుగు పూర్తిగా ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవండి. ఎముకలో సన్నటి పగులు మొదటి వారాల్లో ఎక్స్-రేలో కనబడకపోవచ్చు, కనుక ఎక్స్-రే బాగుంది కదా అని మళ్ళీ పరుగెత్తకూడదు.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పరుగు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది, ఊపిరి తేలికపడుతుంది. కండరాలకు మరికొన్ని వారాలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు, ఎముకకు నెలలు పడుతుంది. ఎముక కొత్త బరువుకు అలవాటు పడేటప్పుడు ముందు తన పాత భాగాన్ని కొంత తొలగించుకొని, ఆ తరువాతే కొత్తదాన్ని కట్టుకుంటుంది. పాత గోడకు కొత్త సున్నం వేయించేటప్పుడు ముందు పెచ్చులు ఊడగొట్టినట్టు అన్నమాట. ఆ ఊడగొట్టే దశ సరిగ్గా మీరు ఇప్పుడున్న వారాల్లోనే వస్తుంది. అప్పుడు ఊపిరి బాగుంది కదా అని బరువు పెంచితే ఆ ఎముక తట్టుకోలేదు.

తార్నాక గారి లెక్కకు నాదొకటి కలుపుతాను. నిమిషానికి 160 అడుగుల చొప్పున వేసుకుంటే మూడో వారంలో ఒక్కో రోజు 1440 అడుగులు, నాలుగో వారంలో 2560 అడుగులు. పరుగులో ఒక్కో అడుగుకు మీ బరువుకు రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. మూడుసార్లు ఆగిపోవడం వల్ల మీకు మేలే జరిగిందని నా నమ్మకం.

మొదటి రకం నొప్పే అయితే, వారం పది రోజులు పరుగు ఆపి నడవండి. నడకలో నొప్పి లేదంటే రెండు నిమిషాల విడతలతో మళ్ళీ మొదలుపెట్టండి. వరుసగా రెండు రోజులు పరుగెత్తవద్దు. గోడకు చేతులు ఆనించి మడమలు పైకెత్తి మూడు లెక్కపెట్టేంత నిదానంగా దించడం పదిహేనుసార్లు, రోజుకు రెండు విడతలు చేయండి. బడిలో పిల్లలు లెక్క చేస్తూ ఉండగా బల్ల పట్టుకొని కూడా చేయవచ్చు. అడుగు ముందుకు చాచకుండా, పాదం శరీరం కిందే పడేటట్టు చిన్న అడుగులు వేయండి. మైదానం చుట్టూ ఎప్పుడూ ఒకే దిశలో తిరగవద్దు, రోజు మార్చి రోజు దిశ మార్చండి. బూట్లు ఖరీదైనవి కానక్కర్లేదు, వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండి, మడమ కదలకుండా ఉంటే చాలు. రెండేళ్ళుగా నడకకు వాడుతున్న పాత జత మాత్రం వద్దు.

మోకాళ్ళ గురించి మీవారికి చెప్పండి. ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవారిలో మోకాలి అరుగుదల, అసలు పరుగెత్తనివారి కంటే ఎక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. మోకాలికి అసలైన బరువు మనం మోసే అదనపు బరువు, బలహీనమైన తొడ కండరాలు. చివరిగా ఒక్క హెచ్చరిక. పరుగులో ఛాతీ బిగుసుకున్నట్టు ఉన్నా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా, కళ్ళు తిరిగినా, ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి. దానికి ఎక్కం పరీక్ష లేదు.

జవాబు: యర్రా నది ఒడ్డు, మెల్‌బోర్న్

మేడమ్, నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. ఇక్కడ ప్రతి శనివారం ఉదయం పార్కుల్లో 'పార్క్‌రన్' అనే ఐదు కిలోమీటర్ల ఉచిత పరుగు జరుగుతుంది. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. ఇందులో నాకు నచ్చినది ఒకే ఒక్క ఏర్పాటు. అందరి వెనక ఒక స్వచ్ఛంద సేవకుడు నడుస్తూ వస్తాడు, చివరివాడిగా గీత దాటడం ఆయన పని. అందువల్ల వచ్చినవారిలో ఎవరూ చివరివారు కారు. మొదటి రోజు నేను యాభై రెండు నిమిషాలు తీసుకున్నాను, నా వెనక ఆయన ఉన్నారు, దారి పొడవునా నా ఊరి గురించి అడుగుతూ నన్ను మాట్లాడించారు. మాట్లాడించడం నా వేగాన్ని సరిచేయడానికేనని నాకు చాలా కాలం తరువాత అర్థమైంది.

పక్కనే ఉన్న న్యూజిలాండ్‌లో దీనికి పాత కథ ఒకటి ఉంది. 1962లో బిల్ బవర్‌మన్ అనే అమెరికా కోచ్ ఆక్లాండ్ వెళ్ళి, ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ దగ్గర ఉన్నాడు. లిడియార్డ్ ఆయనను ఒక ఆదివారం మామూలు మనుషుల పరుగు బృందంతో పంపాడు. ఒలింపిక్ క్రీడాకారులకు శిక్షణ ఇచ్చిన బవర్‌మన్, కొండ ఎక్కేసరికి అందరికంటే వెనకబడ్డాడు. డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఆయన కోసం వేగం తగ్గించి, కబుర్లు చెబుతూ చివరివరకు తోడు వచ్చాడు. బవర్‌మన్ తన ఊరికి తిరిగి వెళ్ళి, మామూలు మనుషుల కోసం నిదానపు పరుగు తరగతులు పెట్టాడు. అమెరికాలో జాగింగ్ జనంలోకి రావడానికి అది పెద్ద కారణమైంది. మీ మైదానంలో ఆ పెద్దాయన పాత్ర పోషించేవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి, లేకపోతే కొన్నాళ్ళకు మీరే అవుతారు.

ప్రశ్న అడిగినవారు: సుబేదారి టీచర్, ఐదు వారాల తరువాత

అందరికీ నా ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పరీక్షల పేపర్లు దిద్దే పని మీద పడింది.

విజయవాడ డాక్టరు గారు చెప్పినట్టే నొక్కి చూసుకున్నాను. నొప్పి అరచేతి మేర ఉంది గాని ఒక్కచోట లేదు. పది రోజులు నడక మాత్రమే చేశాను. ఆ పది రోజులు నిజానికి చాలా కష్టంగా గడిచాయి, అంతా మళ్ళీ మొదటికి వస్తుందేమోనని భయపడ్డాను. అలా ఏమీ కాలేదు. మడమలెత్తే వ్యాయామం ఏడో తరగతిలో చేస్తుంటే పిల్లలు కూడా లేచి చేయడం మొదలుపెట్టారు. చెల్లీ, మీ మాట విని రక్తపరీక్ష చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. నేను ఊహించలేదు. మాత్రలు వాడుతున్నాను, ఉదయం టీని గంట వెనక్కు జరిపాను.

తార్నాక అన్నగారూ, రెండు నిమిషాల వారాన్ని రెండుసార్లు చేశాను. మూడు నిమిషాలను నాలుగుసార్లు చేసే వారం పూర్తయింది, నిన్నటి నుంచి ఐదుసార్లు చేస్తున్నాను. గడియారం బీరువాలో ఉంది. పదమూడో ఎక్కం చదువుతూ ఉండగా నిన్న ఆ అమ్మాయిలలో ఒకామె పక్కకు వచ్చి, మీరు ఏం చదువుతున్నారు మేడమ్ అని అడిగింది. చెప్పాను. తన 800 మీటర్ల సాధన అయిపోయాక ఒళ్ళు చల్లబరుచుకోవడానికి నాతో ఒక చుట్టు వచ్చింది, ఇద్దరం పదమూడు పదుల వరకు చెప్పుకున్నాం. రేపు పదిహేడో ఎక్కం అంది.

ఒక్క సందేహం మిగిలింది. ఎండలు ముదురుతున్నాయి. ఉదయం ఆరున్నరకే ఒళ్ళు చెమటలు పోస్తోంది, అదే మూడు నిమిషాలు మునుపటి కంటే బరువుగా ఉంటున్నాయి. మే నెలలో ఆపేసి జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాలా?

జవాబు: తార్నాక నిదానం, హైదరాబాద్

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎంతో సంతోషం కలిగింది. పూర్తిగా ఆపవద్దు. వేడిలో రక్తం కొంత చర్మాన్ని చల్లబరచడానికి మళ్ళుతుంది కనుక అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకోవడం సహజం, మీ శక్తి తగ్గినట్టు కాదు. శరీరం ఎండకు అలవాటు పడడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో విడతలు పెంచకండి, ఎక్కం తడబడితే ఇంకా నిదానించండి. తెల్లవారి ఐదింపావుకు మొదలుపెట్టి ఆరులోపు ముగించండి. వెళ్ళేముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తీసుకోండి. ఎండలో చలి వేసినట్టు రోమాలు నిక్కబొడుచుకున్నా, తల తిరిగినా, వాంతి వచ్చేటట్టు ఉన్నా అక్కడే ఆగి నీడకు చేరాలి.

మే నెల మొత్తం వారానికి రెండు రోజులు పరుగు, ఒక రోజు నడక చాలు. ఐదుసార్లు మూడు నిమిషాల దగ్గరే ఉండిపోయినా పర్వాలేదు. జూన్‌లో నాలుగు చినుకులు పడి, నేల చల్లబడ్డాక నాలుగో వారం తెరవండి. ఆ అమ్మాయి పరీక్ష ఎప్పుడో కనుక్కొని ఇక్కడ రాయండి.